మూడు వానలు చూసిన బియ్యం

బాస్మతి గురించి హజారా సింగ్‌కి తెలియని సంగతి లేదు, వండటం తప్ప. నారు పోసిన దగ్గర్నుంచి ధాన్యం మండీలో కాటా వేసేదాకా అంతా ఆయనకి కరతలామలకం. వరివెన్ను వంగిన తీరు చూసి కోత ఎప్పుడు పెట్టాలో చెప్పేవాడు. గింజ పంటికింద వేసుకుని కొరికి, ఆ చప్పుడుని బట్టి తడి ఎంతుందో తేల్చేసేవాడు. పంజాబ్‌లో తరన్ తారన్ చుట్టుపక్కల రైతులు ధాన్యం గురించి ఆయన మాటని వేదంలా వినేవాళ్ళు. అలాంటి మనిషి మనవలు పుట్టి పెద్దవాళ్ళయ్యేదాకా ఒక్కనాడూ పొయ్యి మీద ఎసరు పెట్టిన పాపాన పోలేదు. ఎవరైనా అడిగితే, "పండించడం నా వంతు, వండటం ఆవిడ వంతు, తినడం చెరిసగం" అనేవాడు. తినడంలో మాత్రం సగం దగ్గర ఆగేవాడు కాదు.

అసలు అక్కడ రోజూ అన్నం వండుకునే అలవాటే లేదు. పొలం నిండా వరి ఉన్నా కంచంలోకి వచ్చేది రొట్టే. అన్నం అంటే చుట్టాలొచ్చినప్పుడు, లేదా జబ్బుపడి లేచిన మనిషి నోటికి ఏదీ సహించనప్పుడు. ఎప్పుడో వండే వంట కాబట్టి దాని మీద పట్టింపు జాస్తి. మెతుక్కి మెతుకు అంటిందంటే ఆ ఇల్లాలు గుటకలు మింగాల్సిందే. గురుద్వారాకి వెళ్ళినప్పుడు నలుగురాడవాళ్ళూ దాని గురించే మాట్లాడుకుంటారు.

ఈ విషయంలో హజారా సింగ్ భార్య నసీబ్ కౌర్‌ని ఎవరూ ఒక్క మాట అనలేకపోయారు. ఆవిడ అన్నం పళ్ళెంలో వేస్తే మల్లెమొగ్గలు రాలినట్టు రాలేది. చేతి నేర్పు సగమైతే మిగతా సగం కొట్టుగదిలో ఉన్న రేకు డ్రమ్ముది. కోతలవగానే, వ్యాపారి కన్ను పడకముందే, మంచి బియ్యం తన డ్రమ్ము నిండా పోయించుకునేది. మధ్యమధ్య ఎండు వేపాకు వేసి, మూత బిగించి, ఇక దాని జోలికి ఎవర్నీ పోనిచ్చేది కాదు. మూడు వానాకాలాలు గడవాలి. కొత్తబియ్యానికి వాసన ఎంతున్నా నీరు కనబడగానే సాగిలపడి ముద్దైపోతుందనీ, పాతబడ్డ బియ్యం నీరు తాగి బారుగా సాగుతుందే తప్ప పక్క మెతుకుని ముట్టుకోదనీ ఆవిడ సిద్ధాంతం. "మూడు వానలు చూడని బియ్యం ఇంకా పసిపిల్ల. దాన్ని పొయ్యెక్కిస్తే ఏడుస్తుంది" అనేది.

ఆ డ్రమ్ము మీద హజారా సింగ్‌కి ఎప్పుడూ ఒక కన్ను ఉండేది. పాతబియ్యం రేటు చూసి నోరూరేది. "అమ్మేద్దామే నసీబో, వచ్చే ఏడు మళ్ళీ నింపుకోవచ్చు" అని ప్రతి ఏడూ అనడం, ఆవిడ కళ్ళెర్రజేయడం, ఆయన మీసం సవరించుకుంటూ బయటికి పోవడం ఆ ఇంట్లో మామూలే.

ఈ సంవత్సరం వానలతో మూడూ నిండాయి. ఇక తెరుద్దామనుకుంటుండగానే చలికాలం మొదట్లో నసీబ్ కౌర్‌కి జలుబు పట్టి, దగ్గు ముదిరి, నిమ్ము చేసింది. అమృత్‌సర్ ఆసుపత్రిలో చేర్చారు. కొడుకు లారీ వేసుకుని గుజరాత్ రేవుకి వెళ్ళాడు. బడిలో పంతులమ్మగా చేసే కోడలు రుపిందర్ సెలవు పెట్టి అత్తగారి దగ్గర కూర్చుంది. ఒక పొద్దున డాక్టరు బయటికొచ్చి, ఇద్దరి మొహాలూ చూడకుండా, "ఇవాళ గడవనివ్వండి, చూద్దాం" అని వెళ్ళిపోయాడు.

హజారా సింగ్ రగ్గు తెస్తానని చెప్పి ఇంటికొచ్చాడు. రగ్గు కోసం కొట్టుగదిలోకి వెళ్తే ఎదురుగా డ్రమ్ము కనబడింది. కాసేపు దానికేసి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఆ బియ్యమంతా గోతంలోకి ఎత్తి, ట్రాలీలో వేసి, గురుద్వారాకి తోలుకుపోయి లంగరు వంటశాలలో దింపేశాడు. వచ్చినవాళ్ళందర్నీ బంతిలో కూర్చోబెట్టి అన్నం పెట్టే చోటు అది. అక్కడ గ్రంథం చదివే గ్రంథీగారు ఎవరి పేర ప్రార్థన చేయమంటారని అడిగితే, "ఎవరి పేరూ వద్దు. ఎవరిచ్చారో కూడా చెప్పొద్దు" అన్నాడు. తర్వాత ఒక మూల నేల మీద తల ఆనించి, అడగాల్సింది తనే అడుక్కున్నాడు.

మర్నాటికి జ్వరం తగ్గింది. కొన్నాళ్ళకి మనిషి ఇంటికొచ్చింది. డ్రమ్ము వల్లే తగ్గిందని హజారా సింగ్ అనుకోలేదు గానీ, కాదని అనుకునే ధైర్యం కూడా చేయలేదు. చేసిందల్లా ఒకటే. ఖాళీ డ్రమ్ముకి మూత పెట్టి, దాని మీద ఇంట్లో ఉన్న దూది రజాయిలన్నీ పేర్చేశాడు.

దాచడానికి కారణాలు రెండు. ఆ బియ్యం ఆవిడ సొత్తు, అడక్కుండా ఎత్తుకుపోయాడు. అది చిన్న కారణం. పెద్దది వేరే ఉంది. కాపురానికొచ్చిన నాటి నుంచి నసీబ్ కౌర్ మొక్కులు మొక్కుకుంటూనే ఉంది, ఈయన ఎగతాళి చేస్తూనే ఉన్నాడు. "దేవుడేమైనా మండీలో దళారీ అనుకున్నావా, ఇంతిస్తా అంత చెయ్యి అనడానికి?" అని నలుగురిలో నవ్వించేవాడు. అలాంటివాడు తనే వెళ్ళి బేరం పెట్టొచ్చాడని తెలిస్తే ఇంకేమైనా ఉందా!

ఇంటికైతే వచ్చింది గానీ ఆవిడ సరిగ్గా తినడం లేదు. టీ తాగేది. పప్పు నీళ్ళు రెండు చెంచాలు తాగి కంచం పక్కకి నెట్టేది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. జబ్బు తగ్గినా తిండి లేక నీరసిస్తే మళ్ళీ మంచమెక్కుతుందని డాక్టరు హెచ్చరించాడు. ఆ మాట హజారా సింగ్ చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

ఆ రోజు ఎండ బాగా కాసింది. నులకమంచం వాకిట్లో వేసి, ఆవిణ్ణి దుప్పటి కప్పి కూర్చోబెట్టారు. బడికి బయల్దేరుతున్న రుపిందర్ వెన్న రాసిన మెత్తటి రొట్టె తెచ్చి ఒళ్ళో పెట్టింది.

"వద్దమ్మా. అట్టముక్క నమిలినట్టుంది."

"అలా అంటే ఎలా బీజీ? మీకేం తినాలనుందో చెప్పండి. ఏదైనా సరే."

నసీబ్ కౌర్ కోడలి వైపు చూడలేదు. పక్కన స్టూలు మీద కూర్చుని తలపాగా చుట్టుకుంటున్న భర్త వైపు చూసింది.

"తెల్లన్నం తింటాను. డ్రమ్ములో పాతబియ్యం ఉందిగా, దాంతో."

రుపిందర్ మొహం వెలిగిపోయింది. "అంతేనా! ఒక్క నిమిషం, నానబోసి వెళ్తా. మధ్యాహ్నం రాగానే రెండు ఈలలేయిస్తే అయిపోతుంది" అంటూ కొట్టుగది వైపు అడుగేసింది.

హజారా సింగ్ దిగ్గున లేచాడు. తలపాగా సగంలోనే వదిలేసి, మూరల కొద్దీ గుడ్డ వెనకాల ఈడ్చుకుంటూ వచ్చి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగాగు! నువ్వెళ్ళు, బడికి వేళైపోతోంది. అన్నం నేను వండుతా."

కోడలు ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీరా బాపూజీ?"

"ఏం, నాకు చేతుల్లేవా?"

"చేతులున్నాయి" అంది నసీబ్ కౌర్ మంచం మీంచి. "నీళ్ళు కాచడం వచ్చా?"

"పండించినవాడికి వండటం ఓ లెక్కా?"

"సరే అయితే. మీరే వండండి సర్దార్జీ. కానీ కుక్కర్లో ఈలలేయించిన అన్నం నాకొద్దు. తపేలాలో వండాలి. డ్రమ్ములో బియ్యమే కావాలి. అన్నం ఎలా ఉండాలో మీకు తెలుసు."

ఆ చివరి మాటలు ఒక్కొక్కటే విడివిడిగా అంది. హజారా సింగ్ అది నీరసమనుకున్నాడు.

రుపిందర్ స్కూటీ సందు తిరిగేదాకా ఆగి, ఆయన కొట్టుగదిలోకి దూరి తలుపు దగ్గరగా వేశాడు. లోపల మూలన ఈ ఏటి కొత్తబియ్యం గోతం ఒకటుంది. రజాయిలు ఊరికే అటూ ఇటూ సర్ది, డ్రమ్ము తెరిచినట్టు చప్పుడు చేసి, గోతంలోంచి దోసిళ్ళతో గిన్నె నింపుకున్నాడు. ఒక గింజ కొరికాడు. మెత్తగా నలిగింది. ఇది చూసింది ఒక్క వానే. 'కాస్త మర్యాదగా ఉండవే తల్లీ, ఇవాళొక్కపూట' అని మనసులోనే బతిమాలుకున్నాడు.

వండాలంటే ముందు ఎలా వండాలో తెలియాలి. పెళ్ళాన్ని అడిగితే ఎక్కడ దొరికిపోతాడో అని పెరటిగోడ దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి పిలిచాడు. అవతలి వాకిలి ఆయన వదిన చన్నన్ కౌర్‌ది. అన్నగారు పోయి చాలా కాలమైంది. వదినగారి నోరు మాత్రం చెక్కుచెదరలేదు.

"వదినా! అన్నం ఎలా వండాలి?"

గోడ మీంచి ముందు తెల్లటి జుట్టు, తర్వాత కళ్ళజోడు, ఆ తర్వాత నవ్వు పైకొచ్చాయి.

"ఏమిటీ, మళ్ళీ అను మరిదీ. ఈ చెవి సరిగ్గా వినబడదు."

"బాగానే వినబడింది. చెప్పు ముందు."

"అయ్యో, మీ అన్నయ్య ఉండుంటే బాగుండేది. ఈ మాట విని ఇంకో పదేళ్ళు బతికేవాడు! ఎవరికిరా వంట?"

"నసీబోకి. తింటానంది. నవ్వడం ఆపి చెప్తావా?"

తింటానందనగానే ఆవిడ నవ్వు ఆపింది. "కొత్తబియ్యమా పాతవా?"

హజారా సింగ్ చూపు పక్కకి తిప్పాడు. "పాతవే. డ్రమ్ములోవి."

"అలాగైతే బాగా నాననీ, గంట తక్కువ కాకుండా. బియ్యానికి రెండింతల నీళ్ళు పొయ్యి. మూతపెట్టి సన్నటి సెగ మీద వదిలెయ్. పాతబియ్యం ఎంత నీరైనా తాగేస్తుంది, భయపడకు."

ఆయన భయపడలేదు. చెప్పింది చెప్పినట్టు తు.చ. తప్పకుండా చేశాడు. గంటసేపు నానబోసి, రెండింతలు పోసి, సన్న సెగ పెట్టి, తపేలా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పొలానికి నీళ్ళు పెట్టేటప్పుడు కూడా అంత భక్తిగా నిలబడి ఉండడు. వాసన మాత్రం వాకిలంతా కమ్ముకుంది. మంచం మీద నసీబ్ కౌర్ తలెత్తి గాలి పీల్చుకోవడం వంటింటి కిటికీలోంచి కనబడి, మురిసిపోయాడు.

మూత తీశాక ఆ మురిపెం కాస్తా చప్పున చల్లారింది. లోపల ఉన్నది అన్నం కాదు, గోడకి పోస్టర్లు అంటించుకునే సరుకు. గరిటె నిలువునా గుచ్చితే నిలబడింది. పైకెత్తితే తపేలా కూడా పైకొచ్చింది.

మొహం మాడ్చుకుని తపేలాని చున్నీ ముక్క కింద దాచుకుంటూ పెరటి దారిన గొడ్లపాకలోకి వెళ్ళి, కుడితి తొట్టిలో వేశాడు. గేదె మూతి పెట్టి చూసి, ఒకసారి ఆయనకేసి చూసి, మళ్ళీ తినసాగింది. అది కూడా మొహమాటానికే తిన్నట్టుంది.

"ఏమైందండీ?" అని వాకిట్లోంచి కేక.

"ఏం లేదు! ఇంకా కాస్త ఉమ్మగిలాలి!"

"గొడ్లపాకలోనా?"

ఆయన ఖాళీ తపేలాతో మళ్ళీ గోడ దగ్గరికి చేరాడు. చన్నన్ కౌర్ అక్కడే ఉంది. ఇలాంటి తమాషా వదులుకుని లోపలికి పోయే మనిషి కాదావిడ. తపేలా అడుగున అంటుకున్న జిగురు వేలితో తీసి, రెండు వేళ్ళ మధ్య రాసి చూసింది.

"ఇది మూడేళ్ళ బియ్యమా? నన్నెందుకురా మభ్యపెడతావు? ఇది మొన్న పుట్టిన బియ్యం."

హజారా సింగ్ తపేలా వెనక్కి లాక్కున్నాడు.

"అడిగాను కదా, కొత్తవా పాతవా అని. మొగుళ్ళ జాతే ఇంత. నాడి చూడ్డానికొచ్చిన వైద్యుడి దగ్గర కూడా అబద్ధమాడతారు. డ్రమ్ము తెరవడానికి చేతులు రాలేదా? పెళ్ళాం ప్రాణం కన్నా పాతబియ్యం రేటు ఎక్కువైందా నీకు?"

ఆ మాట పడ్డాక ఆయన ఆగలేకపోయాడు. "డ్రమ్ములో ఏముంది వదినా తెరవడానికి? ఖాళీ. ఆసుపత్రిలో డాక్టరు అలా అన్న రోజున తీసుకెళ్ళి గురుద్వారాలో ఇచ్చేశాను. ఇది బతకాలని."

చన్నన్ కౌర్ నోట మాట పడిపోయింది. ఆవిడ జీవితంలో అలా జరిగిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కళ్ళజోడు తీసి చున్నీతో తుడుచుకుంది, తర్వాత అదే చున్నీతో కళ్ళూ తుడుచుకుంది.

"దానికి చెప్పెయ్‌రా."

"చెప్పలేను. దాని మొక్కుల్ని ఎంత ఎగతాళి చేశానో నీకు తెలీదా? ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను? నాకు ఒకటే కావాలి వదినా. అది నాలుగు ముద్దలు తినాలి. ఈ కొత్తబియ్యాన్నే ఎలాగో పలుకుపలుకుగా వండించు."

"సరే, విను." ఆవిడ చున్నీ బిగించి, గోడ మీద రెండు మోచేతులూ ఆనించింది. "కొత్తబియ్యానికి పాతబియ్యం మర్యాదలు చెయ్యకూడదు. ఊరికే నాలుగుసార్లు కడిగి, కాసేపే నాననీ. పెద్ద తపేలా నిండా నీళ్ళు పోసి, ఉప్పేసి, తెర్లకాగనీ. నాలుగు చుక్కలు నిమ్మరసం పిండు. అప్పుడు వెయ్యి బియ్యం. అక్కణ్ణుంచి కదలకు. ఒక మెతుకు తీసి నొక్కు. బయట ఉడికి లోపల సూదిమొన అంత పలుకు ఉందనుకో, ఆ క్షణమే వార్చెయ్యాలి. ఇంకాస్త ఉండనిద్దామని చూశావో, మళ్ళీ గేదె పండగ చేసుకుంటుంది."

"వార్చాక?"

"వెడల్పు పళ్ళెంలో పరిచి ఆవిరి పోనీ. తర్వాత మళ్ళీ తపేలాలోకి మెల్లగా జార్చి, మీద చెంచాడు నెయ్యి వేసి, మూతకి బట్ట చుట్టి బిగించు. తపేలా కింద పెనం పెట్టు. సెగ ఉందా లేదా అన్నట్టుండాలి. ఉమ్మగిలనీ. గరిటె పెట్టి కెలికావంటే గోడ దూకొచ్చి చేతులు విరగ్గొడతా."

హజారా సింగ్ మళ్ళీ కొట్టుగదికి వెళ్ళాడు. మళ్ళీ డ్రమ్ము దగ్గర దొంగ చప్పుడు చేశాడు. ఇది గానీ ముద్దయితే ఆవిడ కంచం పక్కకి నెట్టేస్తుంది. ఇక ఏం తినాలనుందో అడిగినా చెప్పదు. ఇన్నేళ్ళలో పంట పోయిన సంవత్సరాలున్నాయి, వరద ముంచిన సంవత్సరాలున్నాయి. అప్పుడు కూడా ఆయన ఇంతలా భయపడలేదు.

నీళ్ళు తెర్లాయి. బియ్యం వేశాడు. గింజలు అడుక్కి పోయి, కాసేపటికి ఒక్కొక్కటే లేచి తిరగడం మొదలుపెట్టాయి. ఒక మెతుకు తీసి బొటనవేలి కింద నొక్కాడు. ఇంకా గట్టి. కాసేపాగి ఇంకోటి తీశాడు. ఇంకా ఉంది. మూడోసారి నొక్కినప్పుడు వేలికి తెలిసింది. పాలు పోసుకున్న గింజని వెన్ను మీద నొక్కి చూస్తే తెలిసినట్టే తెలిసింది. ఇది తన వేళ్ళకి తెలిసిన విద్యే కదా అనిపించి, ధైర్యమొచ్చింది. తటాలున తపేలా ఎత్తి వార్చేశాడు. ఆవిరి మొహాన కొట్టి, గడ్డమంతా చెమ్మగిల్లింది. పళ్ళెంలో పరిచి, ఆవిరి పోయాక మళ్ళీ జార్చి, నెయ్యి వేసి, బట్ట చుట్టి, పెనం మీదికి ఎక్కించాడు. అప్పుడు గానీ ఊపిరి పీల్చుకోలేదు.

మూత తీసేటప్పుడు కళ్ళు మూసుకున్నాడు. ముందు వాసన వచ్చింది. తర్వాత కళ్ళు తెరిచి చూస్తే, తెల్లగా, బారుగా, దేనికదిగా. నసీబ్ కౌర్ చేతి అన్నం కాదు, కాస్త పొట్టిగానే ఉంది. అక్కడక్కడా రెండేసి మెతుకులు చేతులు పట్టుకునే ఉన్నాయి. కానీ అన్నం అన్నమే. గోడ అవతల్నుంచి "ఏమైందిరా?" అన్న కేక వినబడితే, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు.

కంచంలో వడ్డించి, మీద మళ్ళీ ఒక చుక్క నెయ్యి, గుప్పెడు బెల్లప్పొడి చల్లి, మంచం దగ్గరికి తెచ్చాడు. వాళ్ళమ్మ అలాగే పెట్టేదని నసీబ్ కౌర్ ఎప్పుడూ చెప్పేది. ఆవిడ కంచంకేసి చూసింది. మొగుడి చొక్కా మీద గంజి మరకలు చూసింది. చెయ్యి మీద కాలిన మచ్చ చూసింది. అప్పుడు ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది.

"బాగా వండారు."

హజారా సింగ్ ఛాతీ ఉబ్బింది.

"కొత్తబియ్యం" అంది.

ఉబ్బిన ఛాతీ అక్కడే ఆగిపోయింది. "లేదే, డ్రమ్ములో..."

"చాలు సర్దార్జీ." ఆవిడ కంచం ఒళ్ళో పెట్టుకుంది. "ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే తెలుసు నాకు. కొట్టుగదిలోంచి వస్తుంటే కళ్ళు తిరిగి, పడకుండా డ్రమ్ము మీద చెయ్యి వేశాను. మీరు పేర్చిన రజాయిల కిందనుంచే ఖంగుమంది. నిండా బియ్యం ఉంటే అలా మోగుతుందా?"

ఆయన కొట్టుగది వైపు చూశాడు.

"ఎప్పట్నుంచో అమ్మాలని ఉండేది మీకు. అమ్మారు. అది కాదు నా బాధ. నేనక్కడ మంచం మీద ఊపిరాడక కొట్టుకుంటుంటే అమ్మారు. ఇక ఇది తిరిగిరాదులే, దీని బియ్యం ఎవరి కోసం అనుకున్నారు కదా?" ఆవిడ దుప్పటి మీదికి లాక్కుంది. "అది తలుచుకుంటే ముద్ద దిగలేదు నాకు. మీ నోటితో మీరే చెబుతారేమోనని ఇవాళ అడిగాను. చెప్పకుండా, వంటకి దిగారు."

హజారా సింగ్ మంచం పట్టె మీద కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ ఆవిడ తినకపోవడానికి కారణం తను పేర్చిన రజాయిలేనన్నమాట! తన పరువు కోసం దాచిన ఆ ఒక్క విషయమే ఆవిడ నోటి దగ్గర ముద్దని ఆపేసిందన్నమాట! సిగ్గు, బాధ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"నసీబో, నేను అమ్మలేదే."

"మరి?"

"గురుద్వారాలో ఇచ్చేశాను. లంగరుకి. డాక్టరు 'ఇవాళ గడవనివ్వండి' అన్నాడు చూడు, ఆ రోజు."

"ఎందుకు?"

"ఎందుకేమిటి! నిన్ను తిరిగిమ్మని అడిగాను."

"ఎవర్నడిగారు?"

"ఎవర్నడుగుతారు గురుద్వారాలో?" ఆయన చిరాగ్గా మొదలుపెట్టాడు. "నా పెళ్ళాం ఎంతో ప్రాణంగా దాచుకున్న బియ్యం ఇది, ఇది తీసుకో, దాన్ని ఇంటికి పంపించు, అన్నాను. అంతకన్నా ఎలా అడగాలో నాకు తెలీదు. ఎప్పుడూ అడిగినవాణ్ణి కాదు కదా."

ఆయన గడ్డం మీంచి కన్నీళ్ళు కారుతుంటే నసీబ్ కౌర్ చూసింది. తర్వాత ఆవిడ పెదాలు కదిలాయి. ముందు ఏడుపనుకున్నాడు. నవ్వు. ఏడుపూ నవ్వూ కలిసిపోయి, దగ్గొచ్చి, ఆయన గబగబా వీపు నిమరాల్సొచ్చింది.

"దేవుడేమైనా మండీలో దళారీనా సర్దార్జీ, ఇంతిస్తా అంత చెయ్యి అనడానికి?"

"నవ్వు. నవ్వుకో. నవ్వుతావనే చెప్పలేదు."

"బేరం ఆడారా?"

"ఆడలేదు. ఇంకేమైనా అడుగుతాడేమోనని చూశాను. కాలవ పక్క పొలం కూడా మనసులో పెట్టుకున్నాను. ఆయనేమీ అడగలేదు."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. కాలవ పక్క పొలం అంటే ఆయన ప్రాణం. దాని గట్టు మీద ఇంకొకడి గేదె నడిస్తే పంచాయతీ పెట్టిన మనిషి. నసీబ్ కౌర్ చున్నీ చెంగుతో ఆయన గడ్డం తుడిచి, కంచం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఒక ముద్ద తింది. ఇంకో ముద్ద తింది. మూడోది ఆయన నోటికి అందించింది.

"ఉప్పు తక్కువైంది" అంది.

"వదిన చెప్పిన లెక్కే వేశాను."

"నేనే లెక్కా చెప్పలేదురా దొంగా!" అని గోడ అవతల్నుంచి చన్నన్ కౌర్ కేకేసింది. "ఉప్పు నీ చెయ్యి, నింద నాకా?"

మధ్యాహ్నం రుపిందర్ బడి నుంచి వచ్చేసరికి తపేలా అడుగు కనబడుతోంది. అత్తగారు నులకమంచం మీద ఎండలో ఆదమరిచి నిద్రపోతోంది. మామగారు పక్కనే స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో తపేలా పెట్టుకుని అడుగంటిన మెతుకులు గీక్కుని తింటున్నాడు. తలపాగా ఇంకా సగమే చుట్టి ఉంది.

"నాకు లేదా బాపూజీ?"

"ష్. రేపు వండుతాలే. ఇక నాకు వచ్చేసింది."

రెండ్రోజుల తర్వాత ఆవిడ కాస్త తేరుకుని, గోడ పట్టుకోకుండా కొట్టుగదిలోకి నడిచింది. రజాయిలన్నీ తీయించింది. డ్రమ్ము తుడిపించి, ఎండబెట్టిన వేపాకు తెప్పించింది. "ఆ కొత్తబియ్యం గోతం ఇలా ఎత్తండి" అంది.

హజారా సింగ్ గోతం భుజానికెత్తి డ్రమ్ములోకి వంచాడు. బియ్యం జలజలా రాలుతుంటే ఆవిడ పొరకో గుప్పెడు వేపాకు వేసింది. సగం నిండేసరికి ఆయనకి ఒక లెక్క గుర్తొచ్చింది. మూడు వానలు. డాక్టరు మాటలు, ఆవిడ దగ్గు, తన వయసు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చి గోతం వంచిన చెయ్యి ఆగిపోయింది.

"ఏమిటి ఆగారు? పొయ్యండి" అంది నసీబ్ కౌర్. "మూడు వానలయ్యాక నేనే తెరుస్తాను. అప్పటిదాకా ఎవరూ దీని మీద చెయ్యి వేయడానికి వీల్లేదు. మీరు కూడా."

"నువ్వే తెరువు" అన్నాడాయన. గోతం మళ్ళీ వంచాడు. "నేనే వండుతా."

"ఒక్క తపేలాతో అవగొట్టాలి. గేదెకి రెండోసారి పెట్టనివ్వను."

గోతం ఖాళీ అయింది. బియ్యం డ్రమ్ము అంచుదాకా వచ్చింది. నసీబ్ కౌర్ పక్కనుంచి వేలి కణుపుతో దాన్ని ఒకసారి కొట్టి చూసింది. మోగలేదు. ఇంకోసారి కొట్టి, చెవి దగ్గరపెట్టి విని, తల పంకించింది.

"ఇక మూత పెట్టండి" అంది.